పిలవకండి, కాదనకండి

"ఒక్క మాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పండి," అంది ఫోన్లో లాయరు మిసెస్ ప్రూయిట్. "మార్చిలో డెల్లాని తీసుకుని వాళ్ళ నానమ్మ అంత్యక్రియలకి వెళ్ళారా మీరు?"

ఫోను వంటింటి బల్ల మీదుంది. స్పీకరు పెట్టింది కెండ్రాయే. వచ్చేది మంచి కబురే కదా, మొగుడూ వింటాడని సంబరపడి మరీ పెట్టింది. ఇప్పుడు దాన్ని తీసుకెళ్ళి సింకులో ముంచాలనిపించింది.

ఎమ్మెట్ తలెత్తాడు. రోడ్డు పని నుంచి అప్పుడే వచ్చి, తారు అంటిన బూట్లు గుమ్మం బయట విప్పేసి, మేజోళ్ళతో నిలబడి నీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. బల్లకి అవతల అతని తల్లి వెల్మా మొక్కజొన్న పొత్తులు వలుస్తోంది. ఆవిడ చేతులు మాత్రం ఆగలేదు.

"కెండ్రా, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను. వెళ్ళాం."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదా."

"అడిగాను. ఏడాదిగా తండ్రి పిల్లని చూశాడా అని మొదటి రోజే అడిగాను. లేదన్నారు. అదే కాగితం మీద పెట్టి మీ చేత సంతకం చేయించాను."

"అదీ ఒక చూడ్డమేనా, మిసెస్ ప్రూయిట్? చర్చి కింద హాల్లో భోజనాలు. జనం కిక్కిరిసి ఉన్నారు. అటూ ఇటూ తిరుగుతూ ఎదురుపడ్డాడు, అంతే."

"ఎదురుపడ్డవాడు పిల్ల భుజం మీద తలపెట్టి ఏడవడు. ఫొటో నా ముందుంది. వాళ్ళ చుట్టం ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టుకుంది. కోల్బీ లాయరు దాన్ని పట్టుకొచ్చి మన కేసుకి జవాబుతో పాటు కోర్టుకి పంపాడు."

జవాబు. ఆ మాట వినగానే కెండ్రా కుర్చీ లాక్కుని కూర్చుంది.

డెల్లా కన్నతండ్రి కోల్బీ జవాబిస్తాడని ఈ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. పిల్ల పుట్టినరోజులకి జవాబివ్వనివాడు, ఆసుపత్రి నుంచి కబురు పెడితే పలకనివాడు, కోర్టు కాగితానికి పలుకుతాడని ఎవరనుకుంటారు? మొదటిసారి కేసు వేసినప్పుడు కాగితాలు నెబ్రాస్కా వెళ్ళాయి. అప్పటికి వాడు వయోమింగ్‌లో ఉన్నాడు. వయోమింగ్‌కి పంపితే అక్కడ గది ఖాళీ చేసి పోయాడు. మనిషి దొరకలేదని జడ్జి ఆ కేసు కొట్టేశాడు. ఈసారి ఐడహోలో, వాడి గుమ్మంలోనే, వాడి చేతికే ఇచ్చారు. ఇంక నోరెత్తడు, వాడి హక్కులు రద్దయిపోతాయి, డెల్లాకి తండ్రిగా ఎమ్మెట్ పేరు ఎక్కుతుంది అని కెండ్రా వేసవంతా కలలు కంది.

కలలు కనడానికి కారణం ఉంది. శీతాకాలంలో మంచు మీద కారు జారి తల్లీకూతుళ్ళిద్దరూ ఆసుపత్రి పాలయ్యారు. కెండ్రాకి స్పృహ లేదు, డెల్లాకి చెయ్యి విరిగింది. మూడేళ్ళప్పటి నుంచి ఆ పిల్లని పెంచిన ఎమ్మెట్‌ని, నువ్వు పిల్లకి ఏమవుతావని అడిగి, చట్టప్రకారం ఏమీ కావని తేల్చి నడవాలో నిలబెట్టారు. వచ్చే నెల కెండ్రా నడుముకి రెండో ఆపరేషన్. ఆ బల్ల మీద నుంచి తను లేవకపోతే డెల్లా ఎవరి చేతికి పోతుంది? ఇద్దరూ పైకి అనని ప్రశ్న అది. జవాబు మాత్రం ఇద్దరికీ తెలుసు. ఐడహోకి.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు ఎమ్మెట్. ఆ గొంతులో కోపం లేదు. అదే కెండ్రాని భయపెట్టింది.

"మన రాష్ట్రం చట్టం ఏమంటుందో మీకు చెప్పాను కదా. ఏడాది పాటు, సరైన కారణం లేకుండా, పిల్లతో చెప్పుకోదగ్గ సంబంధం ఏమీ పెట్టుకోకపోతేనే దత్తతకి అతని ఒప్పుదల అక్కర్లేదు. ఇప్పుడతను 'మా అమ్మ పోయినప్పుడు నా కూతురు నన్ను ఓదార్చింది, వాళ్ళమ్మే దగ్గరుండి తీసుకొచ్చింది, కలిసి భోంచేశాం' అంటున్నాడు. అదేపాటి సంబంధం అని నేను వాదిస్తాను. గెలుస్తానని మాట ఇవ్వలేను."

"ఓడితే?"

"ఓడేకంటే కేసు వెనక్కి తీసుకోవడం మేలు. వచ్చే మార్చి దాటాక మళ్ళీ వేద్దాం."

"అప్పటిదాకా నా ఆపరేషన్ ఆగుతుందా?" అంది కెండ్రా.

మిసెస్ ప్రూయిట్ మెల్లగా, "ఇంకొకటుంది," అంది. "అతని లాయరు చెప్పాడు. పిల్ల తన నోటితో 'నువ్వు నాకొద్దు' అని చెబితే ఒప్పుదల కాగితం మీద సంతకం పెడతాడట. ఇంకెవరు చెప్పినా పెట్టడట."

"పదమూడేళ్ళ పిల్ల చేత ఆ మాట అనిపిస్తాడా? సిగ్గుండక్కర్లా?"

"నేనూ అదే అన్నాను. దాని సంగతి నాకొదిలెయ్యండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అతను వస్తానని అడిగితే కాదనకండి. కాదంటే, తల్లే అడ్డుపడింది అంటాడు, అతనికి సరైన కారణం దొరుకుతుంది. అలాగని మీ అంతట మీరు పిలవకండి. పిలిస్తే ఏడాది లెక్క మళ్ళీ మొదటికొస్తుంది."

"అంటే మంచిగా ఉన్నా తప్పే, చెడ్డగా ఉన్నా తప్పే."

"కేసు తేలేదాకా అంతే," అని ఆవిడ పెట్టేసింది.

 ఎమ్మెట్ గ్లాసు కడిగాడు. బోర్లించాడు. చేతులు తుడుచుకున్నాడు. మామూలుగా ఏ గ్లాసూ కడిగే మనిషి కాదు.

"పళ్ళ డాక్టరు దగ్గరికన్నావు," అన్నాడు చివరికి.

"ఎమ్మెట్."

"ఆ రోజు నేనడిగాను కూడా. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటని. పన్ను నొప్పన్నావు. నేను వెళ్ళి దానికి ఐస్‌క్రీమ్ తెచ్చాను. గుర్తుందా?"

గుర్తు లేకేం. డెల్లా ఆ ఐస్‌క్రీమ్ ముట్టుకోలేదు. చల్లనిది తగిలితే నొప్పేమోనని ఎమ్మెట్ మళ్ళీ వెళ్ళి మెత్తటి పుడ్డింగు తెచ్చాడు. ఆ రాత్రంతా కెండ్రాకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు.

"చెబితే వెళ్ళనిచ్చేవాడివా?"

"వెళ్ళనిచ్చేవాణ్ణో లేదో నీకెలా తెలుసు? నన్నడిగితే కదా."

"అబ్బ, ఊరుకోరా," అంది వెల్మా, పొత్తు మీద నుంచి చూపు తిప్పకుండానే. "లొరెటా పోయింది. ఎంత కాదన్నా పిల్లకి నానమ్మ. చావింటికి ఓ వంట పట్టుకెళ్ళకుండా ఉంటామా? బంగాళాదుంపల్లోకి చీజు తురిమి ఇచ్చింది నేనే."

ఎమ్మెట్ తల్లి వైపు తిరిగాడు. "నీకూ తెలుసా?"

"వంట సంగతి తెలుసు. భోజనాల దగ్గర ఎవరు ఎవర్ని పట్టుకుని ఏడ్చారో నాకేం తెలుసు? అంత పెద్ద పళ్ళెం నిండా బంగాళాదుంపలు పళ్ళ డాక్టరుకి పెడుతుందనుకున్నావా?"

ఇంకోరోజైతే ఎమ్మెట్ నవ్వేవాడే. ఈసారి మొహం ఇంకా మాడిపోయింది.

"అంటే ఈ ఇంట్లో తెలియనిది నాకొక్కడికేనన్న మాట. కోర్టులో తండ్రినవుతానని దరఖాస్తు పెట్టుకున్నవాడికి."

"నీకోసమే వెళ్ళాను," అంది కెండ్రా. ఆ మాట నోరుజారింది. జారాక వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు.

"నాకోసమా?"

"వాడి అడ్రసు కోసం వెళ్ళాను. సరేనా? మొదటి కేసు ఎందుకు పోయింది? అడ్రసు దొరక్క. ఎంతమందిని అడిగాం? వాడి పాత స్నేహితులు చెప్పరు. వాడి అక్క ఫోనెత్తదు. లొరెటా ఉన్నన్నాళ్ళూ 'నా కొడుకు మీద నేనెలా చెప్పనమ్మా' అనేది. తల్లి పోతే వాడు రాక తప్పదు కదా. ఈ ఊళ్ళో అడుగుపెట్టేది ఆ ఒక్కరోజే. వెళ్ళాను. నవ్వుతూ పలకరించాను. 'ఎక్కడుంటున్నావు, డెల్లా స్కూలు ఫొటో పంపిస్తాను' అన్నాను. తనే నా ఫోను తీసుకుని నంబరు, ఇల్లు, వీధి అన్నీ కొట్టి ఇచ్చాడు. వాడి చేతికి ఆ కాగితాలు ఎలా చేరాయనుకున్నావు? నెబ్రాస్కా నుంచి నడుచుకుంటూ వెళ్ళాయా?"

"అడ్రసు గురించి నాతో ఏమన్నావు? కొత్త లాయరు మనుషులు వెతికి పట్టారన్నావు."

"అన్నాను."

"దాని మీద ఆవిణ్ణి నేను పొగిడాను కూడా. ఎంత చురుకైన లాయరో అని."

 వెల్మా ఒలిచిన పొత్తుని గిన్నెలో వేసి ఇంకొకటి తీసుకుంది.

"సరే, అడ్రసు కోసమే వెళ్ళావు," అన్నాడు ఎమ్మెట్. "ఒక్కదానివే వెళ్ళొచ్చు కదా. పిల్లని ఎందుకు లాక్కెళ్ళావు?"

"నన్నొక్కదాన్నీ చూస్తే వాడు అటు నుంచి అటే పోయేవాడు. నాకు తెలియదా వాడి సంగతి? పక్కన పిల్లుంటే మెత్తబడతాడు. నాలుగు మాటలు మాట్లాడతాడు. అందుకని..."

వెనకవైపు దోమతెర తలుపు కిర్రుమంది.

డెల్లా నిలబడి ఉంది. బ్యాండు సాధన నుంచి వచ్చింది. స్కూలు మైదానంలో పొద్దుటి నుంచీ ఎండలో కవాతు చేసి మొహమంతా కందిపోయి ఉంది. క్లారినెట్ పెట్టె రెండు చేతులతో పొట్టకి అదుముకుని ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఎంతసేపటి నుంచి వింటోందో ఎవరికీ అడిగే ధైర్యం లేదు.

"ఎర కింద తీసుకెళ్ళావా నన్ను?" అంది.

"అలా కాదు తల్లీ."

"ఎలా కాదు? ఇప్పుడే చెప్పావుగా. నేనుంటే మెత్తబడతాడని."

"నానమ్మని చివరిసారి చూడాలని నువ్వే అడిగావు."

"అడిగాను. నువ్వు వద్దంటావనుకున్నా. సరేనన్నావు. కార్లో నా చెయ్యి పట్టుకుని, 'నీకు ఆవిడంటే ఇష్టం కదా, అందుకే తీసుకెళుతున్నా' అన్నావు. నేను ఎంత సంతోషపడ్డానో తెలుసా? అమ్మకి కోల్బీ అంటే కోపమున్నా, నాకోసం వస్తోంది అనుకున్నా."

 లొరెటా ఈ పిల్ల సాఫ్ట్‌బాల్ ఆటలన్నింటికీ వచ్చేది. కొడుకు పిల్లని వదిలేసి పోయినందుకు సిగ్గుపడి అందరితో కలిసి కూర్చునేది కాదు. మడత కుర్చీ తెచ్చుకుని కంచె చివర ఒక్కతే కూర్చుని, డెల్లా బ్యాటు పట్టినప్పుడు మాత్రం లేచి నిలబడేది. అలాంటి మనిషి శవపేటిక దగ్గర ఈ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేను ఏడుస్తుంటే నువ్వు అడ్రసు రాయించుకుంటున్నావు."

"రెండూ నిజమే డెల్లా. నీకోసమూ వెళ్ళాను. అడ్రసు కోసమూ వెళ్ళాను. ఒకటి అబద్ధమైతే చెప్పడం తేలికయ్యేది."

"పళ్ళ డాక్టరని నా చేత కూడా అబద్ధం ఆడించావు. నాన్నతో."

అంతసేపూ రాయిలా ఉన్న ఎమ్మెట్ ఆ మాటకి మొహం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. డెల్లా అతన్ని నాన్న అనడం కొత్త కాదు. మూడేళ్ళప్పటి నుంచీ అలాగే అంటుంది. ఆ మాట కోర్టుకి ఎందుకు వినబడదో అతనికి ఎన్నేళ్ళైనా అర్థం కాలేదు.

డెల్లా పైకి తన గదికి పరిగెడుతుందనుకున్నారు అందరూ. వెళ్ళలేదు. క్లారినెట్ పెట్టె కింద పెట్టి, వెల్మా పక్కన కుర్చీలో కూర్చుని, ఒక పొత్తు తీసుకుని పరపరా తొక్క చీల్చింది. వెల్మా గిన్నె మధ్యలోకి జరిపింది. మామ్మా మనవరాలూ పక్కపక్కన కూర్చుని పొత్తులు వలిచారు. కెండ్రాకి దానికంటే అరుపులే నయమనిపించింది.

"ఏమంటున్నాడతను?" అంది డెల్లా, పొత్తుతోనే మాట్లాడుతున్నట్టు. "కోర్టుతో ఏమని చెప్పాడు?"

"అవన్నీ పెద్దవాళ్ళ సంగతులు," అన్నాడు ఎమ్మెట్.

"పేరు మారేది నాది. సంగతి మీదా?"

ఎమ్మెట్ కెండ్రాని చూశాడు. కెండ్రా నేలని చూసింది. చెప్పకూడదని ఇద్దరూ అనుకోకుండానే అనుకున్నారు. అప్పటిదాకా ఒకరి మీద ఒకరు కత్తులు నూరుతున్న వాళ్ళు అక్కడ మాత్రం ఒక్కటయ్యారు.

"నువ్వు నీ నోటితో వద్దంటే సంతకం పెడతాడట," అంది వెల్మా.

"వెల్మా, మీకెందుకండీ అది?" అంది కెండ్రా.

"దాచి దాచి ఎంత బాగుపడ్డామో చూస్తూనే ఉన్నాం కదమ్మా. ఇంకా ఎందుకు దాపరికం? దానికీ చెవులున్నాయి. ఇవాళ కాకపోతే రేపు వింటుంది."

డెల్లా పీచు అంటిన చేతులు జీన్స్‌కి తుడుచుకుంది. "ఫోనివ్వు," అంది తల్లితో.

"వద్దు. లాయరు పిలవొద్దంది."

"నిన్ను కదా వద్దంది. నాకు చెప్పలేదు."

"డెల్లా, నా మాట విను. వాడు అడిగాడని నువ్వు చెప్పక్కర్లేదు. నీ చేత ఆ మాట అనిపిస్తే రేపు నీకు ముప్పై ఏళ్ళు వచ్చాక కూడా ఆ మాట నీ గొంతులోనే ఉంటుంది. కేసు పోతే పోనీ. ఇంకోటి వేస్తాం. ఇంకో ఏడాది ఆగుతాం."

"నువ్వు ఆగుతావా? నీ ఆపరేషన్ ఆగుతుందా?" అంది డెల్లా. ఫోను సంభాషణ మొదటి నుంచీ విన్నదనీ, అంతా తెలిసే ఇందాక అడిగిందనీ అప్పుడు అర్థమైంది.

తల్లి చెయ్యి అడ్డం పెట్టేలోపే డెల్లా బల్ల మీది ఫోను తీసుకుంది. కోల్బీ పేరు వెతికి నొక్కి, స్పీకరు పెట్టింది. ఎమ్మెట్ ఒక అడుగు ముందుకేశాడు. వెల్మా కొడుకు మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఫోను మోగుతోంది. ఎత్తడులే, ఎప్పుడు ఎత్తాడు గనక, అనుకుంది కెండ్రా. దేవుడా, ఎత్తకుండా ఉండనీ అనుకుంది.

"హలో, కెండ్రా?"

"కెండ్రా కాదు. డెల్లాని."

అవతల ఏదో యంత్రం రొద ఆగింది. "డెల్లా? చిట్టీ, నువ్వేనా? ఎలా ఉన్నావమ్మా? ఎంత..."

"నేను వద్దంటే సంతకం పెడతానన్నావట. నిజమేనా?"

కోల్బీ గొంతు సవరించుకున్నాడు. "చూడు, అది లాయర్లు ఏదో రాశారు. నా ఉద్దేశం అది కాదు. మీ అమ్మ మాటలు నాకక్కర్లేదు, నీ మాట నాకు కావాలన్నాను. అంతే. నువ్వు చిన్నపిల్లవి. నీకు ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు."

"చెప్తాను. ఫోన్లో చెప్పను. ఇక్కడికి రా."

 ఎమ్మెట్ మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"రావాలనే ఉంది చిట్టీ. దగ్గరేం కాదు కదా. మూడు రోజుల ప్రయాణం. ఇక్కడ కోతల పని మీదున్నాను. ట్రక్కు కూడా సరిగా లేదు. పోనీ, పండగలకి..."

"నానమ్మ పోతే వచ్చావు."

"అది వేరు కదమ్మా."

"ఏం వేరు? మనిషి చచ్చిపోతేనే వస్తావా?" డెల్లా ఫోను మొహానికి ఇంకా దగ్గరగా పట్టుకుంది.  "నేను చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉంటే రాలేదు. ఒక్క ఆటకి రాలేదు. నువ్వు ఈ ఊరికి నాకోసం ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి నాకోసం రా. నీ మొహం చూసి చెప్తాను. నువ్వు నా మొహం చూసి విను. మా అమ్మ చెప్పిందనీ, లాయరు చెప్పించిందనీ రేపు నువ్వు అనుకోకూడదు."

"వస్తే ఏం చెప్తావు?"

"అది వచ్చినవాళ్ళకి చెప్తా. రాకపోతే ఇంక నేను చెప్పక్కర్లేదు. నువ్వే చెప్పినట్టు."

  వెల్మా ఒడిలోని తొక్కలు నేలమీద పడుతున్నా చూసుకోలేదు.

"మీ అమ్మ అక్కడుందా?" అన్నాడు కోల్బీ చాలాసేపటికి. "కెండ్రా, వింటున్నావా? నన్ను రమ్మంటావా?"

కెండ్రా ఫోను వైపు చూసింది. రమ్మంటే పిలిచినట్టు. ఏడాది మళ్ళీ మొదటి నుంచి. వద్దంటే అడ్డుపడినట్టు, కోల్బీ లాయరు చేతిలో సరైన కారణం పెట్టి ఇచ్చినట్టు. ఏదీ అనకపోతే? ఏదీ అనకపోతే డెల్లా తన వైపు ఇంకెప్పుడూ ఇలా చూడదు. ఇప్పుడు చూస్తున్న చూపులో కోపం ఉంది, కానీ ఇంకా కాస్త ఆశ కూడా ఉంది.

ఆమె ఎమ్మెట్ వైపు తిరిగింది. మార్చిలో అడగని మాట ఇప్పుడు కళ్ళతో అడిగింది. అతను ఆమెని చూడటం లేదు. అతని చూపంతా ఫోను పట్టుకున్న ఆ పిల్ల చేతి మీద, విరిగి అతుక్కున్న ఆ చేతి మీదే ఉంది. ఆ మొహంలో అవునని గాని కాదని గాని ఏమీ లేదు.

"రా," అంది కెండ్రా.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఎమ్మెట్, "ఈసారీ నన్నడగలేదు," అంటూ గుమ్మం బయట వంగుని బూట్లు తొడుక్కుంటున్నాడు.